గోలా, కాదా? 7 కెమెరాలున్నా రిఫరీ వాచ్ ఎందుకు మోగలేదు?

క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ రివ్యూలు చూసేవాళ్లకి హాక్-ఐ పేరు కొత్తేం కాదు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో బంతి గోల్ లైన్ దాటిందా లేదా అన్నది చెప్పేది కూడా ఈ కంపెనీ సిస్టమే.

రూల్ సింపుల్. బంతి మొత్తం, లైన్ మొత్తాన్ని దాటాలి. పైనుంచి చూస్తే బంతి అంచు లైన్‌ మీద కాస్త మిగిలినా గోల్ కాదు. కానీ దూరంగా పరుగెత్తే రిఫరీకి ఇది కనిపించడం కష్టం. 2010 వరల్డ్ కప్‌లో జర్మనీపై ఇంగ్లాండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి, లైన్ లోపల పడి బయటికొచ్చింది. రిఫరీ గోల్ ఇవ్వలేదు. 2-2 కావాల్సిన మ్యాచ్‌లో ఇంగ్లాండ్ చివరికి 4-1తో ఓడింది. ఆ తర్వాత 2012లో గోల్ లైన్ టెక్నాలజీకి గ్రీన్ సిగ్నల్ వచ్చింది.

ఎలా పనిచేస్తుంది?

ఒక్కో గోల్‌పై 7 హైస్పీడ్ కెమెరాలు ఫోకస్ చేసి ఉంటాయి. వేర్వేరు యాంగిల్స్‌ని కలిపి సాఫ్ట్‌వేర్ బంతి 3డీ పొజిషన్ లెక్కేస్తుంది. లైన్ దాటితే సెకనులోపే రిఫరీ చేతికున్న వాచ్ వైబ్రేట్ అవుతుంది. 2019 జనవరిలో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో లివర్‌పూల్‌కి గోల్ దక్కకపోవడానికి కారణం కేవలం 11.7 మిల్లీమీటర్లు! సిటీ 2-1తో గెలిచింది, సీజన్ చివర్లో ఒక్క పాయింట్ తేడాతో టైటిల్ కొట్టింది.

మరి ఫెయిలైతే?

2020 జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్. విల్లా గోల్‌కీపర్ బంతి పట్టుకుని లైన్ దాటి లోపలికి వెళ్లిపోయాడు. వాచ్ మోగలేదు. కీపర్, డిఫెండర్, గోల్‌పోస్ట్ అడ్డొచ్చి మొత్తం 7 కెమెరాలకీ బంతి సరిగా కనిపించలేదట. 9,000కి పైగా మ్యాచ్‌ల్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి అంటూ హాక్-ఐ క్షమాపణ చెప్పింది. వీఏఆర్ టీమ్‌కి రీప్లే చెక్ చేసే అవకాశం ఉన్నా, సిగ్నల్ రాలేదు కాబట్టి కలగజేసుకోలేదు. మ్యాచ్ 0-0. చివరికి విల్లా ఒక్క పాయింట్ తేడాతో లీగ్‌లో నిలిచింది, బోర్న్‌మౌత్ కింది డివిజన్‌కి పడిపోయింది.

అసలు సమస్య కెమెరాల సంఖ్య కాదు. 'గోల్ కాదు' అన్నా, 'నాకు కనిపించలేదు' అన్నా ఆ వాచ్ చేసేది ఒక్కటే: మౌనంగా ఉండటం. ఏ గ్యాడ్జెట్‌నైనా నమ్మేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. తనకి తెలియనప్పుడు, తెలియదని అది చెబుతుందా?