ఫోనులో ఓనమాలు

ఇటీవల మన యిండ్లలో పలకా బలపములతోపాటు ఫోనుకూడ చదువు సామగ్రియైనది. అక్షరములు నేర్పు సాఫ్ట్‌వేరు నొకదానిని డౌన్‌లోడు చేసి బిడ్డచేతి కిచ్చుట పరిపాటి. బిడ్డ నేర్చినచో సాధనము మంచిదందురు. నేర్వనిచో బిడ్డ మందమతి యందురు. ఈ రెండవ మాటకు మేము సమ్మతింపము. సాధనము నెంచునపుడు దానివలన సులభముగా నేర్చు బిడ్డను గాక, వెనుకఁబడు బిడ్డను తలఁచుకొని చూడవలెనని మా యభిప్రాయము.

సోదరీమణులారా, మన నల్లగొండ, పాలమూరు సీమలనే చూడుఁడు. దేవరకొండవైపు తండాలలోని లంబాడా శిశువు తల్లియొడిలో వినునది గోర్‌బోలి. అది రాజస్థానీకి చుట్టము, తెలుఁగునకు గాదు. ఆవును ప్రతిదినము చూచు బిడ్డయే 'ఆవు' అను మాట నెఱుఁగక బొమ్మను తాఁకలేకపోవును. వెంటనే తప్పని గంట మ్రోఁగించు సాధనము పనికిరాదు. మాటను మరల చెప్పి, బొమ్మను చూపి, తొందరపెట్టక వేచియుండునది కావలెను. తెలుఁగిండ్లలో సైత మీ చిక్కు లేకపోలేదు. పల్లికాయలు ఒలిచి తిను పాలమూరు బిడ్డను 'వేరుశనగ యేది?' యని యడిగిననేమి చెప్పును? మక్కకంకి నెఱిఁగిన బిడ్డకు మొక్కజొన్న యెట్లు తెలియును? (ఈ సాఫ్ట్‌వేరులు వ్రాయువారు మా యూరి సంత నొకసారి చూచిన బాగుండును.)

బిడ్డ కిచ్చుటకు ముందు తల్లి స్వయముగా పరీక్షింపవచ్చును. మొదట ధ్వని నణఁచి చూడుఁడు. వినికిడి లేని బిడ్డకు బొమ్మలవలననే పని తెలియవలెను. పిమ్మట ఆండ్రాయిడు ఫోనులలోని టాక్‌బ్యాకును తెఱచి, కన్నులు మూసికొని తాఁకుఁడు. అది తెరమీఁది మాటలను చదివి వినిపించును. కాని పెక్కు ఆటలలో అక్షరములు బొమ్మలలో కలిసిపోయియుండుటచే మౌనము వహించును. ఒప్పునకు పచ్చ, తప్పునకు ఎఱుపు అని రంగుతోనే చెప్పునది ఆ రెండింటి భేదము కనఁబడని బాలునకు నిరుపయోగము. ఇఁక వ్రేలెత్తక బొమ్మను లాగుమనునవి కొన్ని. నీటిలోని ఫ్లోరైడు నల్లగొండలో ఎముకలను కీళ్లను ఎట్లు పాడుచేసినదో 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటింపఁబడినది. చేతులు వంగనివారి బాధ ఈ జిల్లా స్త్రీలకు వేఱుగ చెప్పనేల? ఒక్క తాఁకుతో పని జరుగునదే మేలు.

వలసబోవు పాలమూరు కూలీల బిడ్డలకు ఇంటర్నెట్టు లేకున్నను నడచునది కావలెను. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవరునుండి తెలుఁగు కథలను ప్రయాణమునకు ముందే తెచ్చి యుంచుకొనవచ్చును, మూల్యము లేదు. వానిని అనువదించుటకును అనుమతి కలదు గావున, చదువుకొన్న తండా పడుచు తెలుఁగు లిపిలో గోర్‌బోలి కథను వ్రాసి తమ్మునికి చదివి వినిపింపవచ్చును.

రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమున కొక గంటకు మించి తెర వలదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. అంతకు తక్కువయైన మఱియు మంచిది. ఆ గంటయైనను ఎవరికి దక్కుచున్నది? ఒకే ఫోనున్న యింట అది పగలు తండ్రితో పొలమునకును, రాత్రి అన్నచేతికిని పోవును. చెల్లెలి వంతు ఏ వేళనో ముందుగానే యేర్పఱచి యుంచుఁడు.