నీడలో వెండి ఆకులు... నీలి పూలు!

ఎండ పడని చోట ఏం పెంచాలి? మొక్కల సరదా ఉన్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. అక్కడ గులాబీ మొగ్గ వేయదు, బంతి సన్నగా సాగిపోతుంది, టమాటాకి పూతే రాదు. అమెరికాలో చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకైతే ఇది మరీ తలనొప్పి. ఇంటికి ఉత్తరం వైపు, మేపుల్ చెట్ల కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

సరిగ్గా అలాంటి చోటే హాయిగా బతికే మొక్క ఒకటుంది. పేరు బ్రన్నెరా. అందులో ‘జాక్ ఫ్రాస్ట్’ అనే రకాన్ని మిషిగన్‌లో మా ఇంటి వెనక మూడేళ్ళుగా పెంచుతున్నాను. నీడను చూసి దిగులుపడేవాళ్ళకి దీని గురించి చెప్పాలనిపించింది.

ముగ్గుపిండి చల్లినట్టు...

ఆకు హృదయాకారంలో ఉంటుంది. దాదాపు అరచేతి అంత. ఆకంతా వెండి రంగు, మధ్యలో ఈనెలు మాత్రం ఆకుపచ్చ. మా అమ్మ వీడియో కాల్‌లో మొదటిసారి చూసి, “ఏమిటే అది, ఆకుల మీద ముగ్గుపిండి చల్లావా?” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను!

ఏప్రిల్ చివర్లో సన్నటి కాడల మీద చిన్న చిన్న నీలి పూలొస్తాయి. ఒక్కోదానికీ ఐదు రేకలు. ఇంగ్లిష్ వాళ్ళు ఫర్గెట్ మి నాట్ అని పిలుచుకునే పూలకి ఇది దగ్గరి చుట్టం. పూలు కొన్ని వారాలే ఉంటాయి. కానీ అవి పోయాకే ఆకులు పెద్దవై, మంచు పడేదాకా ఆ మూలంతా వెలుగుతూ ఉంటాయి. అందుకే దీన్ని పూల కోసం కంటే ఆకుల కోసమే ఎక్కువమంది పెంచుతారు.

పేరు సైబీరియాది, ఊరు వేరు!

దీన్ని ఇంగ్లిష్‌లో సైబీరియన్ బగ్లాస్ అంటారు. తమాషా ఏంటంటే దీని సొంత ఊరు సైబీరియా కాదు. కాకసస్ పర్వతాలు, టర్కీ తూర్పు ప్రాంతంలోని అడవులు. ‘బగ్లాస్’ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. ఎద్దు నాలుక అని అర్థం. ఆకు మీద చెయ్యి వేస్తే ఎందుకో తెలుస్తుంది... గరుగ్గా ఉంటుంది. బ్రన్నెరా అన్న పేరేమో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త శామ్యూల్ బ్రన్నర్ మీద పెట్టింది.

మామూలు బ్రన్నెరా ఆకు పచ్చగానే ఉంటుంది. ‘లాంగ్‌ట్రీస్’ అనే పాత రకానికి వెండి చుక్కలుంటాయి. అందులోంచి ఆకంతా వెండి రంగుతో వచ్చిన మొక్కని మిషిగన్‌లోనే, జీలాండ్ అనే ఊళ్ళో ఉన్న వాల్టర్స్ గార్డెన్స్ నర్సరీ వాళ్ళు గుర్తించి పెంచారు. అదే జాక్ ఫ్రాస్ట్. 2012లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ దీన్ని ఆ ఏటి మేటి మొక్కగా ఎంపిక చేసింది.

మా వెనక సందు సంగతి

మా ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు జాగా. పైన పెద్ద మేపుల్. నేల కొంచెం వాలు. వాన పడితే చాలు, మట్టి కొట్టుకొచ్చి పక్కింటి వాళ్ళ నడకదారి మీద పేరుకునేది. రెండుసార్లు వాళ్ళే చీపురు పట్టుకుని ఊడ్చుకున్నారు. మూడోసారి కాలనీ అసోసియేషన్ నుంచి నోటీసొచ్చింది. మట్టి ఆపకపోతే జరిమానా అని. కాంట్రాక్టర్‌ని అడిగితే రాళ్ళు పరవడానికి చెప్పిన ధర విని, నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. కొత్త ఇల్లు, కొత్త ఈఎంఐ, ఆ పైన ఇది!

అప్పుడు దారి చూపించింది ఆ పక్కింటి పెద్దావిడే. వాళ్ళ ముంగిట్లో ఉన్న బ్రన్నెరాని చూపించి, “జింకలు కూడా దీని జోలికి రావు” అంది. ఇది చిన్న విషయం కాదండోయ్. మా వీధిలో హోస్టా మొక్కలు పెట్టినవాళ్ళందరికీ జింకలు తిని వదిలేసిన కాడలే మిగిలాయి. బ్రన్నెరా ఆకు గరుకుదనం వాటికి నచ్చదు.

లెక్క వేస్తే...

ఈ మొక్క గడ్డిలా పాకదు. గుబురుగా పెరుగుతుంది, అడుగు పైన ఎత్తు, అడుగున్నర వెడల్పు. అంటే నేల కప్పాలంటే అడుగున్నర దూరంలో వరసగా నాటాలి. మా 60 చదరపు అడుగులకి దాదాపు 27 మొక్కలు కావాలి. నర్సరీలో ఒక్కోటి 18 డాలర్లు. మొత్తం 486 డాలర్లు!

అందుకే 9 మాత్రమే కొన్నాను. 162 డాలర్లయింది. వాటిని బాగా వాలుగా ఉన్న చోట పెట్టి, మిగతా జాగాలో ఎండుటాకుల ముక్కలు రెండంగుళాల మందాన పరిచాను. మట్టి కదలడం ఆ ఏడాదే చాలావరకు తగ్గింది. మూడో ఏడు వసంతంలో గుబుర్లని తవ్వి, వేరుతో సహా మూడేసి ముక్కలు చేసి నాటాను. 9 కాస్తా 27 అయ్యాయి. రెండో నోటీసు రాలేదు.

నాటేటప్పుడు గుర్తుంచుకోండి

ఎక్కడ: పొద్దుటి లేత ఎండ ఓకే. మధ్యాహ్నం ఎండ తగిలితే ఆకు అంచులు గోధుమ రంగుకి మాడిపోతాయి.

ఎప్పుడు: వసంతంలో గానీ, సెప్టెంబరులో గానీ. 

ఎలా: చెట్టు వేళ్ళని నరక్కుండా వాటి మధ్య చిన్న చిన్న గుంటలు తియ్యండి. ఆకుల ఎరువు కలపండి. మొక్క మొదలు నేలమట్టానికే ఉండాలి, లోతుగా పాతొద్దు.

నీళ్ళు: నేల ఎప్పుడూ కొంచెం తడిగా ఉండాలి, కానీ నిలవ ఉండకూడదు. మేపుల్ వేళ్ళు నీళ్ళన్నీ లాగేసుకుంటాయి కాబట్టి మొదటి ఏడాది వారానికి రెండుసార్లయినా పెట్టాల్సిందే.

తర్వాత: పూలు వాడాక కాడలు కత్తిరించండి. మధ్యలో ఎక్కడైనా పూర్తి పచ్చటి ఆకులతో పిలకొస్తే వెంటనే తీసెయ్యండి. అది బలంగా పెరిగి వెండి ఆకుల్ని మింగేస్తుంది. చలికాలంలో ఆకులు నల్లబడి పడిపోతే కంగారొద్దు, వేరు బతికే ఉంటుంది.

విత్తనాల ప్యాకెట్ కొనొద్దు

రీల్స్‌లో వెండి ఆకుల ఫొటో పెట్టి విత్తనాలు అమ్మేవాళ్ళు కనిపిస్తారు. జాక్ ఫ్రాస్ట్ విత్తనం నుంచి తల్లి పోలికతో రాదు. మొలిచినా ఎక్కువగా పచ్చాకు మొక్కలే వస్తాయి. వెండి ఆకు కావాలంటే గుబురుని విడదీసిన మొక్కో, నర్సరీ మొక్కో కొనాల్సిందే.

మన ఊళ్ళో పెరుగుతుందా?

అమ్మ అడిగిన రెండో ప్రశ్న ఇదే. “మన కడియంలో దొరకదా?” మాది రాజమండ్రి దగ్గర కాబట్టి కడియం నర్సరీల్లో దొరకనిది ఉండదని అమ్మ నమ్మకం. కానీ ఇది చలి దేశపు మొక్క. మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా తట్టుకుంటుంది, మన మే నెలని మాత్రం తట్టుకోలేదు. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ళూ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్దామనీ అనుకోవద్దు. ఇండియాకి మొక్కలు తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

మరి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో నీడ బాల్కనీ ఉంటే? వెండి మచ్చల ఆకుల కోసం అల్యూమినియం ప్లాంట్ పెట్టుకోండి. వెచ్చటి వాతావరణం దానికి ఇష్టం, కొమ్మ ముక్క గుచ్చినా బతుకుతుంది. కాస్త వెలుతురు పడే మూలైతే డిసెంబరు పూలు వెయ్యండి. చలికాలంలో ఊదా నీలం పూలు పూస్తాయి. అమ్మకి ఇదే చెప్పాను. పెరట్లో నూతి పక్కన నీడలో అల్యూమినియం ప్లాంట్ పెట్టింది. ఇప్పుడు వారం వారం ఫొటోలు పంపేది తనే, “మీ ముగ్గుపిండి మొక్క కంటే నాదే బాగుంది” అంటూ!