బల్ల మీది మూడడుగుల పట్టాలు

అది 2019వ సంవత్సరం, జూలై మాసం. ఉత్తర ఇంగ్లాండులో ఒక చిన్న పట్టణం. మా అమ్మాయి కుటుంబం అక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఆ మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతున్నది. ఎనిమిదేళ్ళ మనుమడు ఒక చేత్తో నా వేలు పట్టుకొని, మరొక చేత్తో చేతిరుమాలులో చుట్టిన రైలు ఇంజనును గుండెకు హత్తుకొని నడుస్తున్నాడు. పొరుగింటి వృద్ధుడు ఇల్లు ఖాళీ చేస్తూ వాడికిచ్చిన బొమ్మ అది. 1970ల నాటిది. ఆకుపచ్చని రంగు, జానెడు పొడవు. విద్యుత్తు అందిస్తే సన్నగా మూలుగుతుంది గాని చక్రం కదలదు.

అంతకు ముందు వారం దానిని మరొక నగరంలోని పెద్ద దుకాణానికి తీసుకొనిపోయాము. బల్ల వెనుక నిలుచున్న యువకుడు రుమాలు విప్పి చూడనైనా లేదు. "పాత సరుకు మేము ముట్టుకోము. కొత్తది కొనుక్కోండి" అంటూ ధరల పట్టికను నా ముందుకు తోశాడు. తిరుగు ప్రయాణంలో మనుమడు నోరు విప్పలేదు.

ఈ దుకాణం దానిలో నాలుగో వంతు కూడా లేదు. తలుపు తెరవగానే చిన్న గంట మోగింది. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. అద్దాల బీరువాలలో వరుసలు తీరిన ఇంజనులు, పెట్టెలు, సిగ్నలు స్తంభాలు, వేలెడంత స్టేషన్లు. అరవై దాటిన యజమాని రుమాలును తానే విప్పి, ఇంజనును రెండు చేతులతో అందుకొన్నాడు. బల్ల అంచున శాశ్వతంగా బిగించి ఉన్న మూడడుగుల పట్టాల ముక్కపై దానిని నిలిపి, మీట తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు. తరువాత దానిని వెల్లకిల తిప్పి ఒక మర ఊడదీశాడు.

"ఇటు రా బాబూ, చూడు" అని మనుమణ్ణి దగ్గరకు పిలిచాడు. ఇరుసు చుట్టూ తివాచీ దారం ఒకటి బిగుసుకొని ఉన్నది. పట్టకారుతో దానిని లాగాడు. ఏళ్ళ తరబడి గడ్డకట్టిన నూనెను తుడిచి, సూది మొనతో ఒక్క కొత్త చుక్క వేశాడు. మళ్ళీ మీట తిప్పాడు. ఇంజను ఒకసారి వణికింది. తరువాత మూడడుగులూ నడిచి, చివరనున్న అడ్డుకట్టకు తగిలి ఆగింది. మనుమడి కేక విని బీరువాల మధ్య తిరుగుతున్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి నవ్వారు.

"ఎంత ఇవ్వమంటారు?" అన్నాను.

"ఈ నూనె సీసా ఒకటి కొనండి, చాలు. ఏడాదికి రెండు చుక్కలు వేయండి. అంతకంటె ఎక్కువ పోస్తే ఆ నూనే మళ్ళీ జిగురవుతుంది."

సరుకుకు ముందు ప్రశ్న

నమూనా రైళ్ళ దుకాణానికి వెళ్ళి వచ్చినవారు ఇటువంటి రెండు అనుభవాలలో ఏదో ఒకదానిని తప్పక చెబుతారు. ఎందుచేతనంటే ఈ సరుకు తక్కిన బొమ్మల వంటిది కాదు. బంతి కొంటే ఇంటికి వెళ్ళి ఆడుకోవచ్చును. రైలు కొంటే పట్టాలు కావాలి, పట్టాలకు స్థలం కావాలి, విద్యుత్తు కావాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. కొనేవానికి తనకేమి కావాలో తెలియని వ్యాపారమిది.

ఆనాడే మనుమడు బీరువాలోని ఎక్స్‌ప్రెస్ రైలు వైపు వేలు చూపించాడు. యజమాని దానిని కిందికి దింపలేదు. "మీ ఇంట్లో బల్ల వెడల్పెంత?" అని నన్నడిగాడు. రెండున్నర అడుగుల భోజనాల బల్ల అన్నాను. ఆయన కాగితంపై రెండు వలయాలు గీశాడు. హార్న్‌బీ పట్టాలలో అన్నింటికంటె చిన్న వంపు వ్యాసార్ధం 371 మిల్లీమీటర్లు. దాని తరువాతిది 438. పొడవైన ఇంజనులకు కనీసం ఆ రెండవ వంపు అవసరం. ఆ వలయం పూర్తి కావాలంటే అడ్డంగా 876 మిల్లీమీటర్లు, అంచులకు మరికొంత వదలాలి. అనగా మూడడుగులకు పైమాట. మా బల్ల 762 మిల్లీమీటర్లే. "ముందు ఒక చెక్కపలక కొనండి. అది నా దగ్గర దొరకదు" అని నవ్వాడు.

వందకు పైగా పౌండ్లు రాబట్టుకోగల బేరాన్ని ఒక్క ప్రశ్నతో వాయిదా వేసుకొన్న వర్తకుణ్ణి నేనెన్నడూ చూచి ఎరుగను.

మాటల మధ్య మనుమడు, "మా ముత్తాతయ్య బిట్రగుంట షెడ్డులో ఇంజను డ్రైవరు" అని గొప్పగా చెప్పాడు. నెల్లూరు జిల్లాలో, మద్రాసు వెళ్ళే దారిలోని బిట్రగుంట ఒకనాడు ఆవిరి ఇంజనులకు పేరుపడిన స్థలం. మా నాన్నగారు బొగ్గు మసితో ఇంటికి వచ్చిన రోజులు నాకింకా గుర్తున్నవి. యజమాని కన్నులు మెరిశాయి. "మీ పట్టాల మధ్య వెడల్పెంత?" అన్నాడు. అయిదున్నర అడుగులు, అనగా 1676 మిల్లీమీటర్లు అన్నాను. బ్రిటిషు నమూనాలలో అసలు అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు లెక్క. కనుక మా నాన్నగారి దారికి 22 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. దుకాణంలో ఉన్నవి పదహారున్నర మిల్లీమీటర్లవి.

"దిగులు పడకండి. మా రైళ్ళదీ దొంగలెక్కే" అన్నాడాయన. ఆ లెక్కన బ్రిటిషు దారికి సుమారు 18.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఐరోపా ఖండంలో వాడే 87వ వంతు నమూనాకు పదహారున్నర సరిగ్గా సరిపోతుంది. బ్రిటిషు ఇంజనులు అసలే చిన్నవి. ఆ లెక్కకు కుదిస్తే ఆనాటి మోటారు వాటి కడుపులో పట్టలేదు. అందుచేత పట్టాలను అలాగే ఉంచి, బండిని మాత్రం 76వ వంతుకు పెంచారు. ఆ చిన్న అబద్ధం మీదనే ఇంగ్లాండులోని పిల్లలందరి రైళ్ళూ నడుస్తున్నవని తెలిసి మనుమడు పడి పడి నవ్వాడు.

కిటికీ ముందు నిలిచినవారు

ఈ వ్యాపారం పుట్టుకలోనే కొనేవాని పాత్ర ఉన్నది. జర్మనీలోని మెర్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో కొలతలు నిర్ణయించిన పట్టాలతో కీ ఇచ్చే రైలును ప్రదర్శించింది. అంతవరకు రైలు ఒక బొమ్మ; ఆ తరువాత అది ఒక వ్యవస్థ. ఈ ఏడాది వలయం, వచ్చే ఏడాది రెండు ముక్కలు, ఆపై ఒక స్టేషను. కొన్నవాడు మళ్ళీ అదే దుకాణం మెట్లెక్కక తప్పదు.

అమెరికాలో 1900లో లయొనెల్ సంస్థను ప్రారంభించిన జాషువా లయొనెల్ కవెన్ మొదట తయారుచేసినది అమ్మకానికి కాదు. దుకాణం కిటికీలోని వస్తువులవైపు బాటసారుల చూపు మరల్చడానికి విద్యుత్తుతో తిరిగే చిన్న బండి అది. చూడవచ్చినవారు వస్తువులను వదలి ఆ బండినే అడిగారని చెప్పుకొంటారు. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో బిగింపు బొమ్మలకు హక్కు పొంది, 1920లో కీ ఇచ్చే రైళ్ళను బజారులోకి తెచ్చాడు. బల్ల మీద పట్టే చిన్న కొలత విద్యుత్ రైళ్ళు, 'డబ్లో' అన్న పేరుతో, ఆయన మరణానంతరం 1938లో వచ్చాయి.

ఒక్క దుకాణం ముందు ఆగినందువల్ల ఎంత జరుగవచ్చునో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలును. 2000 సంవత్సరం వేసవిలో ఫ్రెడెరిక్ బ్రౌన్ అనే జర్మను యువకుడు స్విట్జర్లండులోని జ్యూరిక్ నగర వీధులలో తిరుగుతూ ఒక నమూనా రైళ్ళ దుకాణం చూశాడు. చిన్ననాటి కోరిక మేలుకొన్నది. కవల సోదరుడు గెరిట్‌కు అప్పటికప్పుడే ఫోను చేశాడు. మరుసటి ఏడాది, 2001 ఆగస్టులో, హాంబర్గ్ రేవులోని పాత గిడ్డంగిలో 'మినియేచర్ వండర్‌లాండ్' తెరచుకొన్నది. ప్రపంచంలోకెల్లా పెద్ద నమూనా రైలుమార్గంగా అది పేరు గడించింది.

రెండు వైపులా ఫిర్యాదులు

అయితే ప్రతి దుకాణమూ ఇటువంటిదని అనుకోరాదు. కొత్తవారు తెలియక అడిగిన ప్రశ్నకు పాత ఖాతాదారులు నవ్వుతారు. తల్లి తన కుమార్తె కోసం అడిగినా, "మీ అబ్బాయికి ఎన్నేళ్ళు?" అని ప్రశ్నించేవారున్నారు. కావలసిన ముక్క ఉండదు. తెప్పిస్తామని చెప్పిన వారం నెలగా మారుతుంది. ధర చూస్తే గుండె జారుతుంది.

వర్తకుల గోడు వేరు. బీరువాలో నిలిచిన ప్రతి ఇంజనూ వారి పెట్టుబడే. గంటసేపు నడిపించుకొని చూచి, పేరూ సంఖ్యా రాసుకొని, ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో చవకగా తెప్పించుకొనేవారు కొందరు. 1938లో మొదలై అమెరికాలోని డెన్వర్ నగరానికి గర్వకారణంగా నిలిచిన 'కబూస్ హాబీస్' 2016లో మూతపడింది. 1946లో లివర్‌పూల్‌లో చిన్న దుకాణంగా పుట్టి, తపాలా ద్వారానూ ఇంటర్నెట్ ద్వారానూ సరుకు పంపడంలో ఆరితేరిన 'హాటన్స్' సైతం 2024 జనవరిలో మూసివేత ప్రకటించింది. కాలానికి తగినట్లు మారినవారికి కూడా కాలం కలిసిరాలేదు.

మన దేశంలో ఈ అభిరుచి గలవారికి మొదటి నుంచీ వీధి చివర దుకాణమనే భాగ్యం అరుదు. విదేశాలలోని బంధువుల పెట్టెలలో ఇంజనులు వస్తాయి. వాటికి మన రైల్వేల రంగులు పూసుకొని మురిసిపోతారు. పుణె నగరంలో జోషీ కుటుంబం 1998లో తెరచిన చిన్న రైళ్ళ ప్రదర్శనశాలను చూచినవారికి, చేయి తిరిగినవాడొకడు పక్కనుంటే ఎంత నేర్చుకోవచ్చునో అర్థమవుతుంది.

ఒక ఒప్పుకోలు

ఇక నా మాట. చెక్కపలక కొన్నాము. ఆ వారంలోనే అల్లుడు ఇంటర్నెట్‌లో అదే ఎక్స్‌ప్రెస్ రైలును ఇరవై పౌండ్లు తక్కువకు చూపించాడు. నేను సరేనన్నాను. రెండు రోజులలో పెట్టె గుమ్మంలోకి వచ్చింది.

రైలు బాగానే నడిచింది. కాని దారి మళ్ళే చోటికి వచ్చేసరికి రెండవ పెట్టె ప్రతిసారీ పట్టాలు తప్పేది. అమ్మినవారికి ఉత్తరం రాస్తే, తిప్పి పంపమన్నారు. మార్చడానికి మూడు వారాలు పడుతుందన్నారు. "తాతయ్యా, ఆ తాతగారి దగ్గరికి వెళదాం" అన్నాడు మనుమడు. నాకు అడుగు పడలేదు. అయినా వెళ్ళక తప్పింది కాదు.

ఆయన పెట్టెను అందుకొని, చక్రాల జతను చిన్న కొలతబద్దతో చూశాడు. రెండు చక్రాల లోపలి వైపుల మధ్య దూరం సుమారు 14.5 మిల్లీమీటర్లు ఉండాలి; ఒక జత దగ్గరగా జరిగి ఉన్నది. మెల్లగా ఎడంగా లాగి సరిచేశాడు. బల్ల మీది మూడడుగుల పట్టాలపై అటూ ఇటూ నడిపించి చూపాడు. తన దుకాణపు చీటీ దానిపై లేదని ఆయన గమనించకపోడు. కాని ఏమీ అడగలేదు. "అలా తప్పితే ఎవరిదీ దోషం కాదు బాబూ, కొలిచి చూడాలంతే" అని మనుమడితో అన్నాడు. నేను అవసరం లేని పట్టాలు రెండు కట్టలు కొని బయటపడ్డాను. మిగిలిన ఇరవై పౌండ్లలో పదహారు ఆనాడే ఖర్చయినవి. ఆ తక్కిన నాలుగు పౌండ్లు నన్నింకా బాధిస్తూనే ఉన్నవి.

2022లో మళ్ళీ వెళ్ళేసరికి ఆ స్థలంలో కాఫీ అమ్ముతున్నారు. గంట లేదు, బీరువాలు లేవు. యజమాని వ్యాపారం చాలించుకొని సముద్రతీరాన ఎక్కడో ఉంటున్నాడని ఎదురింటివారు చెప్పారు. అప్పటికి పదకొండేళ్ళు నిండిన మనుమడు అద్దానికి ముఖం ఆనించి, ఆ బల్ల ఉండిన చోటును చాలాసేపు చూశాడు. నా చేతులు చేసిన పని ఆ మూసిన తలుపులో ఎంత ఉన్నదో నాకు తెలియదు. కొంత ఉన్నదని మాత్రం తెలుసును.

ఇంటికి వచ్చాక వాడు తన గదిలోని చెక్కపలక అంచున మూడడుగుల పట్టాలను మరలతో బిగించాడు. నేను సిగ్గుతో కొన్న కట్టలలోనివే అవి. మరునాడు వీధిలోని పిల్లవాడొకడు నడవని ఇంజనును సంచిలో వేసుకొని వచ్చాడు. మనుమడు దానిని రెండు చేతులతో అందుకొని, పట్టాలపై నిలిపి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఏడాదికి రెండు చుక్కలు వేయాలి. అంతకంటె ఎక్కువ పోయకూడదు" అన్నాడు.