ఊక బూడిదతో వేడిని ఆపే ఏరోజెల్

పెళ్లిళ్లకు తెచ్చిన ఐసు దిమ్మను ఊకలో కప్పి ఉంచడం మన పల్లెల్లో ఎరిగిందే. ఊకకు చలవ గుణమేమీ లేదు. పొట్టు మధ్య ఇరుక్కున్న గాలి కదలదు కనుక బయటి వేడి లోపలికి తొందరగా పోదు. ఈ కిటుకునే చివరిదాకా తీసుకెళితే వచ్చేది ఏరోజెల్. 1931లో అమెరికా శాస్త్రవేత్త కిస్ట్‌లర్ దీన్ని లోకానికి చూపించాడు. ముక్కలో నూటికి 90 పాళ్లకు పైగా గాలే. అంతే మందం థర్మోకోల్‌తో పోలిస్తే దీనిలోంచి సుమారు సగం వేడే దాటుతుంది. 1997లో అంగారకుడిపై తిరిగిన చిన్న బండికి చలి తగలకుండా దీన్నే వాడారు.

మరి రైతుకేం సంబంధం? దీనికి కావలసిన సిలికా ఊకలో ఉంది. క్వింటాలు ధాన్యం మర పట్టిస్తే 20 కిలోల ఊక, దాన్ని కాలిస్తే సుమారు 4 కిలోల బూడిద వస్తాయి. బాగా కాలిన బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే. అయితే మంట 700 డిగ్రీలు బాగా దాటితే సిలికా గట్టిపడి సరిగా కరగదు. ఆ బూడిద దుమ్ము ఊపిరితిత్తులకూ చేటు.

బూడిదను కాస్టిక్ సోడా నీళ్లలో మరిగించి వడపోస్తారు. ఆ ద్రావణానికి ఆమ్లం కలిపితే జున్నులా గడ్డకడుతుంది. దాన్ని బాగా కడిగి, లోపలి నీటిని తీసి ఆల్కహాలు నింపుతారు. అసలు చిక్కు ఆరబెట్టడంలోనే. ఊరికే ఎండబెడితే చెరువు మట్టిలా కుంచించుకుపోయి బీటలిస్తుంది. అందుకే ఎక్కువ పీడనం తట్టుకునే పాత్రలో కార్బన్ డయాక్సైడ్‌తో ఆరబెట్టేవారు. ఖరీదంతా అక్కడే. ఇప్పుడు జెల్‌కు నీరంటని రసాయనం పట్టించి మామూలు ఓవెన్‌లోనే ఆరబెడుతున్నారు. ఖర్చు తగ్గింది గానీ రసాయనాలు, ఆల్కహాలు చవక కావు.

ఇది ఇంట్లో చేసే పని కాదు. కాస్టిక్ సోడా చేతులు, కళ్లు కాల్చేస్తుంది. ఏరోజెల్ ఫ్యాక్టరీ పెడతామంటూ ఎవరైనా అడ్వాన్సు అడిగితే పైసా ఇవ్వకండి.

కూరగాయలు దాచే గదికి, పట్టుపురుగుల షెడ్డుకు ప్రస్తుతానికి ఊకే మేలు. రెండు వరుసల తడికల మధ్య అర అడుగు ఖాళీ వదిలి, బాగా ఎండిన ఊక కూరాలి. కొన్నాళ్లకు కిందికి దిగుతుంది, పైనుంచి మళ్లీ నింపాలి. తడిస్తే వేడిని ఆపదు కాబట్టి అడుగున ప్లాస్టిక్ పట్టా, పైన చూరు తప్పనిసరి. కరెంటు తీగలు, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. ఊక లోలోపలే రాజుకుంటుంది, పైకి కనపడదు.