ఆర్‌ఎం కొడితే పోయేదేమిటి?

"సింబాలిక్ లింకును ఆర్‌ఎం చేస్తే అసలు ఫైలు కూడా పోతుందా సార్?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. ఆర్‌ఎం అంటే యూనిక్స్‌లో ఫైలును తీసేసే కమాండు, సింబాలిక్ లింకు అంటే ఇంకో ఫైలును చూపించే ఫైలు. పోదు. ఎందుకు పోదో తెలియాలంటే యూనిక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఐనోడ్ దగ్గరికి వెళ్లాలి.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కట్టిన ఈ వ్యవస్థలో ఫైలు లోపల దాని పేరు ఉండదు. సైజు, ఓనరు, పర్మిషన్లు, డేటా ఏ బ్లాకుల్లో ఉందన్న సంగతీ ఐనోడ్‌లో ఉంటాయి. పేరు ఉండేది డైరెక్టరీలో, పక్కన ఐనోడ్ నెంబరుతో, అచ్చం హాజరు పట్టీలా. ఒకే నెంబరుకు రెండు పేర్లు రాస్తే అది హార్డ్ లింకు. తనకెన్ని పేర్లున్నాయో ఐనోడ్ లెక్క పెట్టుకుంటుంది. ఆర్‌ఎం ఒక పేరు కొట్టేసి, ఆ లెక్కలో ఒకటి తగ్గిస్తుంది, అంతే. లెక్క సున్నాకొచ్చి, ఏ ప్రోగ్రామూ ఫైలును తెరిచి ఉంచకపోతేనే బ్లాకులు ఖాళీ అవుతాయి. సర్వర్‌లో పెద్ద లాగ్ ఫైలు తీసేసినా ఒక్కోసారి డిస్కులో చోటు పెరగదు. దాంట్లో రాస్తున్న ప్రోగ్రాం ఇంకా దాన్ని పట్టుకునే ఉంటుంది మరి!

ఒక డిస్కులోని ఐనోడ్ నెంబరుకు ఇంకో డిస్కులో అర్థం లేదు, అందుకే హార్డ్ లింకు అక్కడికి పోలేదు. 1983లో బర్క్‌లీవాళ్ల 4.2 బీఎస్‌డీ తెచ్చిన సింబాలిక్ లింకు ఈ చిక్కు విప్పింది. దానికి సొంత ఐనోడ్ ఉంటుంది, అందులో సరుకు ఒక దారి పేరు మాత్రమే. లినక్స్ ఫైలు వ్యవస్థ ఈఎక్స్‌టీ4లో ఆ దారి 60 బైట్ల లోపుంటే ఐనోడ్‌లోనే ఇమిడిపోతుంది.

అసలు ఫైలు పెట్టుకున్న లెక్కలోకి ఈ లింకు రాదు. కాబట్టి లింకును ఆర్‌ఎం చేసినా ఫైలు అలాగే ఉంటుంది. ఫైలును తీసేస్తే అది నిశ్చింతగా పోతుంది, లింకు మాత్రం లేని చోటును చూపిస్తూ మిగులుతుంది. అదే దారిలో అదే పేరుతో కొత్త ఫైలు పెట్టండి, లింకు మళ్లీ పనిచేస్తుంది! ఈ సంగతి నన్ను ఇప్పటికీ మురిపిస్తుంది.

ప్రమాదం ఇంకోచోట ఉంది. దారిలో చివరి పేరు లింకైతే ఆర్‌ఎం దాన్నే తీస్తుంది, మధ్యలో లింకుంటే దాన్ని దాటి ముందుకెళ్తుంది. అందుకే లింకు పేరు తర్వాత స్లాషు, నక్షత్రం గుర్తు పెట్టి ఆర్‌ఎం కొడితే అవతలి డైరెక్టరీలోని అసలు ఫైళ్లే పోతాయి.

సింబాలిక్ లింకును తర్వాత లినక్స్ అందుకుంది, విస్టాతో అది విండోస్‌కూ వచ్చింది. విండోస్‌లో డైరెక్టరీ లింకును ఆర్‌ఎండైర్ కమాండుతో తీయాలి, డెల్ కమాండు కొడితే లోపలి ఫైళ్లు పోతాయి.