హెబియస్ కార్పస్

పోలీసులు మనిషిని పట్టుకెళ్లి, ఎక్కడ ఉంచారో చెప్పకపోతే హైకోర్టులో వేసే పిటిషన్ ఇది. బంధువులే కాదు, స్నేహితులూ వేయవచ్చు. నిర్బంధానికి చట్టబద్ధమైన కారణం చూపాల్సింది ప్రభుత్వమే. చూపలేకపోతే విడిచిపెట్టాలి. రాజ్యాంగంలోని 226వ అధికరణ హైకోర్టులకు, 32వ అధికరణ సుప్రీంకోర్టుకు ఈ అధికారమిచ్చాయి.

ఎమర్జెన్సీలో ఈ తలుపూ మూసుకుంది. తొమ్మిది హైకోర్టులు నిర్బంధితుల పిటిషన్లు వినొచ్చన్నా, 1976లో జబల్‌పూర్ ఏడీఎం కేసులో సుప్రీంకోర్టు 4-1తో కుదరదంది. మన న్యాయచరిత్రలో ఇంతకన్నా తలవంపు తీర్పు వెతికినా దొరకదు. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ఆయన్ను కాదని జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

1978 నాటి 44వ సవరణతో, ఎమర్జెన్సీలోనూ జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణ అమలును ఆపే వీల్లేకుండా పోయింది. 1976 నాటి ఆ తీర్పును మాత్రం సుప్రీంకోర్టు 2017లో, గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో గానీ కొట్టేయలేదు.