చేతి అంచనా... చీటీ లెక్క!

ఇంటిల్లిపాదికీ పులిహోర కలపాలంటే ఉప్పెంతో, పులుసెంతో అమ్మ చేతికే తెలుసు. కానీ పెళ్లి వంటకి సరుకుల చీటీ రాయకుండా దిగుతామా?

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ ఇదే తంటా! 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది నిపుణులు కూర్చుని 'ఎజైల్' పద్ధతికి సూత్రాలు రాశారు. ప్లానుని పట్టుకు వేళ్లాడటం కన్నా మార్పుకి తగ్గట్టు నడుచుకోవడం మిన్న అన్నారు. అంతేగాని, ప్లానే వద్దనలేదు సుమండీ!

మరి మనసుకి తట్టిందీ, లెక్కగా వేసిందీ కలిసేదెలా? 2002లో జేమ్స్ గ్రెనింగ్ 'ప్లానింగ్ పోకర్' అనే ఉపాయం చెప్పాడు. పేకాట అనుకునేరు! పని ఎంత పెద్దదో ఎవరికి వారు అనుకుని, 1, 2, 3, 5, 8 వంటి అంకెలున్న ముక్కల్లో ఒకటి బోర్లా పెడతారు. అందరూ ఒక్కసారే తిప్పుతారు.

సీనియర్ 2 వేశాడు, కొత్తగా చేరిన అమ్మాయి 8 వేసింది అనుకోండి. ఆయనే ముందు నోరు విప్పితే, "నాకేం తెలుసులే" అని ఆ పిల్ల ఊరుకునేది. ఇక్కడలా కుదరదు. అందరికన్నా ఎక్కువ వేసినవాళ్లూ, తక్కువ వేసినవాళ్లూ కారణం చెప్పాలి. "పాత ఖాతాల వివరాలు కూడా మార్చాలి కదండీ" అని ఆమె అనగానే మిగతావాళ్లు నాలిక్కరుచుకుంటారు! మాట్లాడుకుని మళ్లీ ముక్కలు వేస్తారు.

మనసుకి తోచింది దాచుకోకూడదు, దానికి కారణమూ చెప్పగలగాలి. ఉద్యోగాలు చేసే అమ్మాయిలూ! మీ చేతిలో 8 ఉంటే, పక్కవారి ముఖం చూసి 2 వేయకండి.